విలామెట్ లోయలో పినో నువార్: ఎర్రమట్టి ఉంటేనే పండుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీరు ఆరెగాన్‌లో, హిల్స్‌బరోలో ఉద్యోగం చేస్తున్నారు. విలామెట్ లోయలోని న్యూబర్గ్, కార్ల్‌టన్ వైపు ఐదారెకరాలు కొని వైన్ ద్రాక్ష, అందులో పినో నువార్ అనే ఎర్ర వైన్ రకం, వేద్దామనుకుంటున్నారు. "జోరీ ఎర్రమట్టి కాకపోతే పినో నువార్ దండగ" అని స్థలం చూపించిన ఏజెంటు చెప్పాడు. ఇంకోచోట రోడ్డు పక్కనే చదునైన పొలం చవకగా వస్తోంది. రెండింటిలో ఏది మేలు, అసలు పినో కాకుండా కాబర్నే సావిన్యాన్ అనే ఇంకో ఎర్ర రకం వేస్తే ఏం అని అడిగారు.

ఎర్రమట్టి తప్పనిసరి కాదు. చదును పొలం మాత్రం వద్దు. కాబర్నే సావిన్యాన్ ఇక్కడ వద్దే వద్దు. స్థలం చూసేటప్పుడు ముందు ఎత్తు, తర్వాత వాలు ఎటువైపుందో, తర్వాత గాలి, ఆ తర్వాత మట్టి ఎంత లోతుందో, నీళ్ళు ఎంత పట్టి ఉంచుతుందో చూడండి. మట్టి రంగు చివర్న.

యామ్‌హిల్ కౌంటీలో ఇతరుల ద్రాక్షతోటలు చూసిపెట్టడం నా పని. కత్తిరింపు నుంచి కోత దాకా అన్నీ మా మనుషులే చేస్తారు. కాబట్టి కింద రాసింది తీగ పక్కన నిలబడి చూసినవాడి మాట. టేస్టింగ్ రూముల్లో వినిపించే మాటలకు దీనికి అక్కడక్కడా పొసగదు.

ముందు వాతావరణం, ఎందుకంటే ఇక్కడ ఆటంతా దానిదే

విలామెట్ లోయ పోర్ట్‌లాండ్ నుంచి యూజీన్ దాటేదాకా దాదాపు 150 మైళ్ళ పొడవు. పడమర కోస్ట్ రేంజ్ కొండలు, తూర్పున కాస్కేడ్ పర్వతాలు. 45వ అక్షాంశం సేలం దగ్గర్లోంచి పోతుంది. అందుకే జూన్ చివర్లో పగలు పదిహేనున్నర గంటలుంటుంది. వాన ఏడాదికి 40 అంగుళాల చొప్పున పడుతుంది గానీ దాదాపు అంతా నవంబరు నుంచి ఏప్రిల్ లోపే. జులై, ఆగస్టుల్లో కలిపి అంగుళం పడితే గొప్ప.

ద్రాక్షకు దీని అర్థం ఏమిటంటే, చలికాలమంతా నేల నీళ్ళు తాగి కూర్చుంటుంది, వేసవిలో తీగ ఆ దాచుకున్న నీటితోనే బతకాలి. ఏప్రిల్ మధ్యలో చిగురు, జూన్ మధ్యలో పూత, ఆగస్టు మధ్యలో కాయ రంగు తిరగడం, సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు దాకా కోత. చిక్కంతా చివర్న ఉంది. సరిగ్గా కోతకొచ్చే వేళకే సముద్రం మీంచి వానలు తిరిగి మొదలవుతాయి. గుత్తి పండేది ముందా, వాన వచ్చేది ముందా అన్న పందెం ఏటా ఉంటుంది. 2013 సెప్టెంబరు చివర్లో ఒక తుఫాను అవశేషం వచ్చి కొన్ని రోజుల పాటు ముంచెత్తింది. వాన ముందు కోసినవాళ్ళ వైన్, తర్వాత కోసినవాళ్ళ వైన్ ఒకే లోయలోవంటే నమ్మలేరు.

పినో నువార్ ఇక్కడ నిలవడానికి కారణం ఈ పందెమే. అది తొందరగా పండే రకం. కాబర్నే దానికంటే ఎన్నో వారాలు ఆలస్యంగా పండుతుంది. ఈ లోయలో అక్టోబరు వానల్లో నానుతూ పచ్చి మిరపకాయ వాసన వదలకుండా అలాగే ఉండిపోతుంది. ఆరెగాన్ కాబర్నే తాగే ఉంటారు, అది దక్షిణాన రోగ్ లోయ నుంచో, తూర్పున వాలా వాలా వైపు నుంచో వచ్చి ఉంటుంది. అవి వేరే లోకాలు, వేడి ప్రాంతాలు.

ఇంకో సంగతి రాత్రుల చల్లదనం. ఆగస్టులో పగలు 88 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా తెల్లవారేసరికి 52కి దిగిపోవడం ఇక్కడ మామూలే. వేడి రాత్రుల్లో కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేసుకుంటుంది. చల్లటి రాత్రుల్లో అది మిగులుతుంది. తీపి పెరిగినా పులుపు జారిపోకపోవడమే మన పినోకి, ముఖ్యంగా తెల్ల వైన్ రకమైన షార్డొనేకి వెన్నెముక.

1965లో డేవిడ్ లెట్ ఈ లోయకి పినో నువార్ మొక్కలు తెచ్చినప్పుడు, కాలిఫోర్నియాలో ఆయన చదువుకున్న చోటివాళ్ళు ఇక్కడ వానకీ చలికీ పండదని చెప్పారు. మరుసటి ఏడాది డండీ హిల్స్‌లో నాటాడు. 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో ఆయన 1975 కోత పినో, ఫ్రాన్స్‌లో పినోకి పుట్టిల్లయిన బర్గండీ నుంచి వచ్చిన పేరున్న వైన్ల సరసన నిలబడింది. ఆ మరుసటి ఏడాది బర్గండీ వ్యాపారి రాబర్ట్ డ్రూఆన్ బోన్ పట్టణంలో మళ్ళీ పెట్టించిన పోటీలో రెండో స్థానం వచ్చింది. 1987లో డ్రూఆన్ కుటుంబమే వచ్చి డండీ కొండల్లో భూమి కొనుక్కుంది. ఇప్పుడు లోయ మొత్తంలో నాటిన తీగల్లో నూటికి డెబ్బై వరకు పినో నువారే. లెట్ ఎర్రమట్టిలో నాటాడు కాబట్టే ఎర్రమట్టికి ఇంత పేరొచ్చిందని నా అనుమానం. ఆయన కార్ల్‌టన్ వైపు నాటి ఉంటే ఇవాళ మీ ఏజెంటు వేరే మట్టి పేరు చెప్పేవాడు.

చదును పొలం ఎందుకు వద్దంటున్నానంటే

సుమారు 15 వేల ఏళ్ళ కిందట, మంచుయుగం చివర్లో, మంచు ఆనకట్ట వెనక మాంటానాలో నిలిచిన మిజూలా అనే మహా సరస్సు పదే పదే తెగింది. ఆ నీరు వాషింగ్టన్ మీదుగా, కొలంబియా లోయ గుండా దూకి మన విలామెట్ లోయలోకి వెనక్కి తన్నింది. సముద్రమట్టానికి దాదాపు 400 అడుగుల ఎత్తు దాకా నీళ్ళు నిలిచాయి. మెక్‌మిన్‌విల్ నుంచి షెరిడన్ వెళ్ళే దారిలో ఒక రాకాసి బండ కనిపిస్తుంది. ఆ రాయి ఈ నేలది కాదు. మంచుగడ్డలో ఇరుక్కుని వరదలో తేలుతూ వచ్చి, మంచు కరిగాక అక్కడ కూర్చుండిపోయింది.

ఆ వరదలు లోయ అడుగున మేటలు మేటలుగా మెత్తటి ఒండ్రు పరిచాయి. మంచి సారవంతమైన నేల. గడ్డి విత్తనాల పంటకి, హేజల్‌నట్ తోటలకి బంగారం. ద్రాక్షకి మాత్రం ఆ సారమే శాపం. తీగ కొమ్మలు వేసుకుంటూ పోతుంది గానీ కాయ పండించే పని గుర్తుకురాదు. ఆగస్టులో కూడా కొత్త చిగుళ్ళు వస్తూనే ఉంటాయి. గుత్తుల మీద నీడ పడి, గాలి ఆడక బూడిద తెగులు, తర్వాత కుళ్ళు పట్టుకుంటాయి.

పైగా చల్లగాలి బరువైంది. రాత్రిపూట వాలు మీంచి జారి చదునులో చెరువులా నిలుస్తుంది. 2022 ఏప్రిల్ మధ్యలో అప్పుడే చిగురు విచ్చుకుంటుండగా గడ్డకట్టే చలి వచ్చింది. మేం చూసే ఒక తోటలో పై వరుసలు పచ్చగా ఉన్నాయి. కింద కంచె దగ్గరి వరుసల్లో చిగుళ్ళు మధ్యాహ్నానికి వేడినీళ్ళలో ముంచిన పాలకూరలా వేలాడాయి. రెండింటికీ మధ్య ఎత్తు తేడా పట్టుమని నలభై అడుగులు లేదు. పక్క మొగ్గలు తర్వాత చిగురించి కొంత కాపు ఇచ్చాయి గానీ, కోతకి అవి ఆలస్యం.

అందుకే 2004 నుంచి 2006 మధ్య ఈ లోయలో మొదట అధికారిక గుర్తింపు పొందిన ఆరు చిన్న వైన్ ప్రాంతాలు, అంటే డండీ హిల్స్, యామ్‌హిల్-కార్ల్‌టన్, మెక్‌మిన్‌విల్, రిబ్బన్ రిడ్జ్, షెహేలమ్ మౌంటెన్స్, ఇయోలా-ఆమిటీ హిల్స్, కింది హద్దు దాదాపు 200 అడుగుల దగ్గరే గీసుకున్నాయి. నా లెక్కలో 300 నుంచి 700 అడుగుల మధ్య, దక్షిణానికో ఆగ్నేయానికో వాలిన నేల మొదటి ఎంపిక. ఒకప్పుడు 800 దాటితే పండదని వదిలేసేవారు. ఇప్పుడు వేడి పెరుగుతోంది. వెయ్యి అడుగుల ఎత్తుకి మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా చల్లబడుతుంది కాబట్టి, షార్డొనే కోసం పైపైకి వెళ్ళేవాళ్ళు పెరిగారు. తూర్పు వాలుని కూడా ఇప్పుడెవరూ చిన్నచూపు చూడటం లేదు. పడమటి ఎండ సాయంత్రం నాలుగింటికి గుత్తిని మాడ్చేస్తుంది, తూర్పున ఆ బెడద ఉండదు.

ఇక మట్టి

ఇక్కడ తోటలున్న మట్టి ముఖ్యంగా మూడు రకాలు.

*జోరీ.* సుమారు కోటిన్నర ఏళ్ళ కిందట తూర్పు ఆరెగాన్, వాషింగ్టన్ వైపు నేల పగుళ్ళ నుంచి పొంగిన లావా ఇక్కడిదాకా పారింది. ఆ బసాల్ట్ రాయి అరిగి అరిగి ఇటుక రంగు బంకమట్టి అయింది. డండీ హిల్స్ అంతా ఇదే. 2011లో ఆరెగాన్ దీన్ని తన రాష్ట్ర మట్టిగా ప్రకటించుకుంది. లోతు నాలుగు నుంచి ఆరడుగులు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. చలికాలపు నీటిని బాగా పట్టుకుని, వేసవిలో కొద్దికొద్దిగా వదులుతుంది. బోరు నీళ్ళు లేకుండా ఎదిగిన తోటను సాకడానికి దీన్ని మించింది లేదు. లోపం ఏమిటంటే పుల్లటి నేల. నాటకముందే సున్నం వేసి కలియదున్నాలి, నాటాక లోపలికి దింపడం కష్టం. బోరాన్ కూడా తక్కువ పడుతుంది, దాని దెబ్బ పూత నిలవకపోవడంలో కనిపిస్తుంది.

*విల్లాకెంజీ.* ఇది పైకి లేచిన సముద్రపు అడుగు. లావా కంటే పాతది. కార్ల్‌టన్, రిబ్బన్ రిడ్జ్ వైపు ఉంటుంది. గోధుమ రంగు, కింద రెండుమూడడుగుల్లోనే మెత్తటి ఇసుకరాయి తగులుతుంది. ఆ రాయి ముక్క తీసి చేతిలో నలిపితే పొడి అయిపోతుంది. నీళ్ళు తొందరగా దిగిపోతాయి కాబట్టి తీగ జులై చివరికే కొమ్మ ఆపేసి కాయ మీద పడుతుంది. కాయ చిన్నది, తోలు ముదురు. ఎండలు మండిన ఏడు ఆగస్టులో కిందాకులు పసుపు తిరుగుతాయి, లేత తోటైతే నీళ్ళు కట్టక తప్పదు.

*లారెల్‌వుడ్.* గాలి మోసుకొచ్చిన మెత్తటి ధూళి బసాల్ట్ మీద పేరుకున్నది. షెహేలమ్ కొండల ఉత్తరం, తూర్పు వైపులా ఉంటుంది. పట్టుకుంటే పౌడరులా ఉంటుంది. వానకి కొట్టుకుపోయే గుణం ఎక్కువ, వరుసల మధ్య గడ్డి లేకుండా ఒక్క చలికాలం కూడా వదలకూడదు.

జోరీ పినో చెర్రీ, రాస్ప్‌బెర్రీ వైపు మెత్తగా ఉంటుందనీ, విల్లాకెంజీ పినో నల్లటి పండ్లు, మసాలా, వగరు వైపు పోతుందనీ అందరూ అంటారు. అందులో కొంత నిజం ఉంది, కళ్ళు మూసుకుని తాగినా చాలాసార్లు పట్టుకోవచ్చు. కానీ కారణం మట్టిలోని ఇనుమో, సముద్రపు ఉప్పో వేర్ల గుండా గ్లాసులోకి రావడం కాదు. మట్టి వైన్‌లోకి వచ్చేది రుచిగా కాదు, నీళ్ళు ఇచ్చే తీరుగా. ఎప్పుడు ఎంత నీరిస్తుందో దాన్నిబట్టి కొమ్మ ఆగే తేదీ, కాయ పరిమాణం, తోలు మందం, కోత తేదీ మారతాయి. రుచి తేడా అక్కణ్ణుంచి వస్తుంది. పైగా విల్లాకెంజీ ఉన్న యామ్‌హిల్-కార్ల్‌టన్‌కి కోస్ట్ రేంజ్ అడ్డుపడి వాన తగ్గిస్తుంది, వేడి కాస్త ఎక్కువ, డండీ కంటే ముందు కోతకొచ్చే తోటలెన్నో. ఇందులో మట్టి వాటా ఎంత, ఎండ వాటా ఎంత అని విడదీసి చెప్పేవాడు నాకు ఇంతవరకు కనపడలేదు.

గాలి సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. కోస్ట్ రేంజ్‌లో వాన్ డుజర్ అనే తెగిన చోటుంది. వేసవి మధ్యాహ్నాల్లో లోయ వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ సందులోంచి పసిఫిక్ చల్లగాలి దూసుకొస్తుంది. దాని ఎదురుగా ఉన్నవి ఇయోలా-ఆమిటీ కొండలు. సాయంత్రం ఐదు దాటితే అక్కడ పనిచేసేవాళ్ళు జాకెట్లు వేసుకుంటారు. గాలి తాకిడికి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, కాయ చిన్నదిగా, తోలు మందంగా, పులుపు నిలబెట్టుకుని వస్తుంది. అక్కడి మట్టీ అగ్నిపర్వతపుదే, డండీకి బంధువే, కాకపోతే లోతు తక్కువ. అదే బసాల్ట్ అయినా వైన్ చూస్తే అక్కాచెల్లెళ్ళలా కూడా ఉండవు. ఆ గాలి దారికి 2019లో సొంత వైన్ ప్రాంతంగా గుర్తింపే ఇచ్చారు, వాన్ డుజర్ కారిడార్ అని.

కాబట్టి మీ ఏజెంటు మాటకి జవాబు: కార్ల్‌టన్ దగ్గర 450 అడుగుల ఎత్తులో దక్షిణ వాలు గోధుమ నేల, డండీ కింది అంచున 210 అడుగుల్లో ఎర్రమట్టి, రెండూ ఒకే ధరకొస్తే నేను మొదటిదే చూస్తాను.

గొయ్యి తవ్వించకుండా బయానా ఇవ్వకండి

వెబ్ సాయిల్ సర్వే అని ప్రభుత్వ మ్యాపు ఉచితంగా దొరుకుతుంది. మీ స్థలం గీసుకుంటే మట్టి పేరు చెబుతుంది. జోరీ, నెకియా (లోతు తక్కువ అగ్నిపర్వతపు మట్టి), విల్లాకెంజీ, లారెల్‌వుడ్ వస్తే ముందుకెళ్ళండి. ఆమిటీ, డేటన్ అని వస్తే కాఫీ తాగి ఇంటికి వచ్చేయండి, అవి చలికాలమంతా నీళ్ళు నిలిచే నేలలు. వుడ్‌బర్న్ మధ్యరకం. అయితే ఆ మ్యాపు ఐదెకరాల ముక్కకి సరిపోయేంత సూక్ష్మంగా ఉండదు. ఒకే వాలులో మూడు మట్టులు కలిసిన స్థలాలు కోకొల్లలు.

అందుకే బ్యాక్‌హోతో ఐదడుగుల లోతు గుంటలు మూడైనా, పైన, మధ్యలో, కింద తీయించండి. గుంటలోకి దిగి గోడని కత్తితో గీరి చూడండి. మట్టి మొత్తం ఒకే రంగులో ఉంటే గాలి ఆడుతోందని. బూడిద రంగులో తుప్పు మచ్చలు కలగలిసి కనిపిస్తే, ఆ లోతున ప్రతి చలికాలం నీళ్ళు నిలుస్తున్నట్టు. వేరు అక్కడితో ఆగిపోతుంది. పాత చెట్ల వేర్లు ఎంత లోతు దాకా దిగాయో చూడండి, మీ తీగ కూడా ఇంచుమించు అక్కడిదాకానే వెళ్తుంది.

ఏ రకాలు వేయాలి

ఐదెకరాల్లో నాలుగు పినో నువార్, ఒకటి షార్డొనే అంటాను. పినోలో పాత పొమ్మార్డ్, వాడెన్స్‌విల్ క్లోన్లు (ఒకే రకంలో ఏరి పెంచిన ఉపరకాలు), తర్వాత వచ్చిన డిజాన్ క్లోన్లు 115, 777 వగైరా దొరుకుతాయి. డిజాన్‌వి చల్లటి ఏళ్ళలో తొందరగా పండి ఆదుకున్నాయి. ఇప్పటి వేడికి కింది వాలుల్లో సెప్టెంబరు మొదట్లోనే చక్కెర పరుగెత్తి, రుచి వెనకబడుతోంది. మీ స్థలం తక్కువ ఎత్తులో ఉంటే పొమ్మార్డ్ వైపు మొగ్గండి. ఒకప్పటి షార్డొనే ఇక్కడ ఆడలేదంటే, అప్పట్లో తెచ్చింది కాలిఫోర్నియాకి సరిపడే ఆలస్యపు క్లోను. డిజాన్ 76, 95, 96 వచ్చాక కథ మారింది, రాబోయే రోజుల్లో ఈ లోయకి పినో కంటే షార్డొనేనే ఎక్కువ పేరు తెస్తుందని నా గట్టి నమ్మకం. పినో గ్రీ అనే తెల్ల వైన్ రకం బాగా పండుతుంది, అమ్మకమే పలుచన. గమే అనే ఎర్ర రకం నాకు ఇష్టం, కానీ కొనేవాణ్ణి చూసుకున్నాకే నాటండి.

సొంత వేరు మీద నాటొద్దు. 1990లో తీగ వేర్లను పీల్చి చంపే ఫిలాక్సెరా పురుగు ఆరెగాన్‌లో బయటపడింది, పాత తోటలు ఒక్కొక్కటే పోతున్నాయి. 3309, 101-14, రిపారియా రూట్‌స్టాక్‌ల (ఆ పురుగుని తట్టుకునే వేరు మొక్కల) మీద అంటు కట్టినవే తీసుకోండి. పల్చటి విల్లాకెంజీకి రిపారియా పనికిరాదు, ఎండకి తట్టుకోదు.

వేడి, పొగ

2021 జూన్ చివర్లో సేలంలో 117 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే 47 సెల్సియస్. అదృష్టం కొద్దీ పూత దాటుతున్న సమయం, పిందె గట్టిగా ఉండి తట్టుకుంది. అదే వేడి ఆగస్టు చివర్లో వచ్చి ఉంటే ఎండుద్రాక్షే. గుత్తి చుట్టూ ఆకు గిల్లేసే అలవాటుని అప్పటినుంచి చాలామంది తగ్గించారు, మేమైతే తూర్పు వైపు మాత్రమే తీస్తాం.

పొగ ఇంకో రకం. 2020 సెప్టెంబరులో లేబర్ డే సెలవు సమయాన వీచిన తూర్పుగాలులకి కాస్కేడ్ అడవులు తగలబడి రోజుల తరబడి లోయ నారింజ రంగు పొగలో ఉంది. పొగలోని గ్వాయకాల్ లాంటి పదార్థాలు కాయలోకి దిగి చక్కెరతో ముడిపడిపోతాయి. కాయ తింటే ఏమీ తెలియదు, పులిసేటప్పుడూ తాగేటప్పుడూ ఆ ముడి విడి బూడిద రుచి బయటికొస్తుంది. చాలామంది ఆ ఏడు ఎర్ర పినో సీసాల్లోకి ఎక్కించలేదు. ద్రాక్ష అమ్ముకునే చిన్న రైతులకి ఇది ప్రాణాంతకం, కొనుగోలు ఒప్పందంలో పొగ గురించిన షరతు ఎలా రాశారో రెండుసార్లు చదవండి.

చివరగా ఒక చిక్కు, ఎవరూ ముందు చెప్పరు: నీటి హక్కు. ఇంటి బోరు ఉంది కదా అని ఆరెగాన్‌లో అమ్మకపు పంటకి ఆ నీళ్ళు కట్టకూడదు. ఇంటి అవసరాలకి, అరెకరం లోపు పెరటి తోటకి అనుమతి అక్కర్లేదు గానీ వాణిజ్య సేద్యానికి నీటి హక్కు వేరే ఉండాలి. కొత్త హక్కు దొరకడం చాలాచోట్ల కష్టం. ఎదిగిన తోటకి జోరీలో నీళ్ళు లేకపోయినా నడుస్తుంది, మొదటి రెండేళ్ళ మొక్కకి మాత్రం నడవదు. హక్కు లేకపోతే ట్యాంకర్‌తో తోలించుకోవాలి, ఆ ఖర్చు ముందే వేసుకోండి. అలాగే ఆ భూమి కేవలం వ్యవసాయానికే కేటాయించిన జోన్‌లో ఉంటే ఇల్లు కట్టడానికి ముందు పంట ఆదాయం చూపించాల్సిన నిబంధన ఎదురవుతుంది. కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

మీరు చూస్తున్న రెండు స్థలాల ఎత్తు, వాలు దిక్కు, మ్యాపు చెప్పిన మట్టి పేరు ఇక్కడ రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను. సర్వే నంబర్లు, యజమానుల పేర్లు అక్కర్లేదు.